మామగారి చెవులు

“నీకెప్పట్నించి తెలుసు? ముందు అది చెప్పు.”

ఈ ప్రశ్న పొద్దున్నించీ కొడుకు నోట్లో నలుగుతూనే ఉంది. కోడలు జవాబు చెప్పకుండా కాఫీ వడగడుతోంది. అత్తగారు గోడకు ఆనుకుని పీట మీద కూర్చుని, తనకేమీ పట్టనట్టు ఒళ్ళో లేని నలకలు దులుపుకుంటోంది.

ఎవరి గురించి ఈ రభసంతా జరుగుతోందో ఆ పెద్దాయన మాత్రం బల్ల దగ్గర కూర్చుని రొట్టెముక్క కాఫీలో ముంచుకుని తింటున్నాడు. ఆయన తల మీదుగా మాటలు అటూ ఇటూ పోతున్నాయి. ఆయన నిమ్మకు నీరెత్తినట్టున్నాడు.

విచిత్రమేమిటంటే, ఆయనకు వినపడదని నిన్న సాయంత్రమే తేలిపోయినా, ఇంట్లోవాళ్ళు గొంతులు తగ్గించుకునే పోట్లాడుకుంటున్నారు.

గుమ్మం దగ్గర బొమ్మలమ్మాయి నిలబడి ఉంది. లోపలికి వెళ్ళడమా, వెనక్కి పోవడమా అన్నది ఇంకా తేల్చుకోలేదు. వెనకాలే తమ్ముడు. ఆమె బొమ్మలు గీస్తుంది, అతను చప్పుళ్ళు రికార్డు చేస్తాడు. అందుకని ఈ ఇంట్లో ఆమెకి బొమ్మలమ్మాయి అనీ, అతనికి టేపు అనీ పేర్లు స్థిరపడిపోయాయి. ఇద్దరూ కలిసి పాత వ్యానొకటి కొనుక్కుని, చేతిపనివాళ్ళున్న ఊళ్ళు తిరుగుతున్నారు. బుట్టలల్లేవాళ్ళ ఇంట్లో కొన్నాళ్ళు, దుప్పట్లు నేసేవాళ్ళ ఇంట్లో కొన్నాళ్ళు ఉండి, తీగల వాద్యాలు చేసే ఈ ఇంటికి చేరారు. ఏ ఊళ్ళోనూ ఇంటివాళ్ళు తమ ముందు పోట్లాడుకునేంత చనువు వచ్చేదాకా ఉండలేదు. ఇక్కడ ఉన్నారు.

నిన్న జరిగింది చిన్న విషయమే. పనిగదిలో తాను పట్టిన చప్పుళ్ళన్నీ, అంటే ఉలి దెబ్బలు, చిత్రిక జారుడు, తీగని బిగించడానికి తిప్పే బిరడా పెట్టే మూలుగు, ఇంటిల్లిపాదికీ వినిపిస్తానని టేపు ముచ్చటపడ్డాడు. అందరూ చుట్టూ చేరారు. పెద్దాయన కళ్ళు మూసుకుని తలాడిస్తూ కూర్చున్నాడు. మధ్యలో బ్యాటరీ అయిపోయి యంత్రం ఆగిపోయింది. పెద్దాయన ఆగలేదు. తాళం తప్పకుండా తల ఊపుతూనే ఉన్నాడు. ఆ నిశ్శబ్దానికి “భేష్” అని మెప్పుదల కూడా ఇచ్చాడు.

“ముందుగదికి సున్నాలు వేయించిన ఏడు,” అంది కోడలు ఆఖరికి.

“ఆ ఏడా!” కొడుకు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “అంటే ఇన్నేళ్ళుగా మన ఇంట్లోంచి వెళ్ళినవాటికి శ్రుతి ఎవరు చేశారు?”

“నేను.”

“నువ్వా?”

“మామయ్యగారు భోంచేసి కునుకు తీస్తారుగా, అప్పుడు. తప్పుగా ఉన్నది సర్ది పెట్టేసేదాన్ని.”

“నాతో ఒక్క ముక్క చెప్పలేదే?”

“చెబితే ఏం చేసేవారు?”

కొడుకు జవాబు వెతుక్కునేలోపల పీట మీద నుంచి ఇంకో గొంతు లేచింది.

“ఆ ఏడు కాదు. అంతకు ముందే పోయాయి,” అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

“నీకూ తెలుసా అమ్మా!”

“కాపురం చేసేదాన్ని, నాకు తెలీదూ? పిలిస్తే పలకడం మానేశారు. నా మీద కోపమొచ్చిందనుకున్నాను మొదట. కోపమైతే నెల్లాళ్ళుంటుంది. ఏడాది పొడుగునా ఉంటుందా? అప్పట్నించే గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టడం మొదలుపెట్టాను. చెక్క అదిరితే ఇటు చూస్తారని.”

వడగట్టడం ఆగిపోయింది. కోడలు చేతిలో గిన్నె అలాగే ఉంది.

“అందుకా అత్తయ్యా? నా మీద విసుగేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.”

“నీ మీద విసుగైతే నీ ముందు పెడతానుగానీ ఆయన ముందెందుకు పెడతానే?”

“మరి నాతో చెప్పచ్చుగా.”

“కోడలికి తెలిస్తే ఆయన చిన్నబోతారనుకున్నాను. నువ్వు మాత్రం నాతో చెప్పావా?”

“మీకు తెలిస్తే బెంగపెట్టుకుంటారని...”

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే పొయ్యి దగ్గర మసులుతూ, ఒకే సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. ఇప్పుడు ఒకరి ముఖం ఒకరు కొత్తగా చూసుకున్నారు. ఆ చూపులో కొడుక్కి చోటు లేకపోయింది.

“బాగుంది,” అన్నాడతను. “ఈ ఇంట్లో చెవిటివాణ్ణి నేనొక్కణ్ణే అన్నమాట.”

పెద్దాయన ఆఖరి రొట్టెముక్క నోట్లో వేసుకుని, చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసి, “చక్కెర తక్కువైంది,” అని అవసరమైన దానికంటే పెద్ద గొంతుతో చెప్పి, పనిగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక కొడుకు గుమ్మం వైపు తిరిగాడు. అంతవరకూ ఎవరి మీద చూపించాలో తెలియని కోపానికి మనుషులు దొరికారు.

“ఏమ్మా, చాలా సంబరంగా ఉందా? మీరు అడుగుపెట్టకముందు మా ఇల్లు బాగానే ఉంది.”

“అన్నయ్యా, బ్యాటరీ అయిపోతుందని వీడికి మాత్రం ఏం తెలుసు?” అంది బొమ్మలమ్మాయి.

“తెలియక చేసినా ఇంట్లో పడ్డ చిచ్చు చిచ్చేగా. ఇవాళ మా వాద్యాలు కొనే కచేరీ ఆయన వస్తున్నాడు. ఎప్పుడూ శిష్యుణ్ణి పంపేవాడు, ఈసారి తనే వస్తానన్నాడు. ఆయనొచ్చేసరికి మీరిద్దరూ ఉండకూడదు. ఆ టేపులో ఉన్నదంతా చెరిపేసి మరీ వెళ్ళండి.”

టేపు ఏదో అనబోయాడు. అక్క మోచేత్తో పొడిచింది.

వ్యాను దగ్గరికి వచ్చాక అతను ఆగలేదు. “చెరపను అక్కా. ఇలాంటిది మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఆ ‘భేష్’ ఒక్కటి చాలు.”

“ఆ ‘భేష్’ అసలు పడిందిట్రా టేపులో? బ్యాటరీ అయిపోయిందిగా.”

ఆ సంగతి తమ్ముడికి అంతవరకూ తట్టలేదు.

“మనం వెతుక్కుంటూ వచ్చింది వీళ్ళ పనితనాన్నిరా. ఇంటి గుట్టుని కాదు,” అని ఆమె వెనక్కి వెళ్ళింది. పనిగదిలో సగం గీసిన బొమ్మ ఉండిపోయింది. చెప్పకుండా వెళ్ళడం కూడా ఆమెకు మనసొప్పలేదు.

పెద్దాయన కొత్త వాద్యం పొట్టకి గరుకు కాగితం పడుతున్నాడు. నేల మీద చిత్రిక చుట్టలు, గోడకి ఉలులు, కిటికీలో జిగురు డబ్బా. ఆమె నీడ చెక్క మీద పడేసరికి తలెత్తాడు.

“పంపించేస్తున్నాడా?” అన్నాడు.

“మీకెలా తెలిసింది బాబాయిగారూ?” ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

“మావాడు కోపమొస్తే మడమల మీద నడుస్తాడు. నేల చెబుతుంది.” మళ్ళీ చెక్క వైపు వంగి, వంగుతూనే అడిగాడు. “నిన్న ఆ డబ్బా ఆగిపోయింది కదూ?”

ఆమె అవునంది. ఆయన చూడలేదు. చూసే అవసరం లేనట్టు తనే చెప్పుకుపోయాడు.

“కళ్ళు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. పాట వింటున్నవాళ్ళు పక్కవాణ్ణి అలా చూడరు. అప్పుడే అనుకున్నాను, అయిపోయిందిలే అని.”

ఆమె ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“ముందు పిచ్చుకలు పోయాయి,” అన్నాడాయన. “ఊళ్ళో పిచ్చుకలు తగ్గిపోయాయి కాబోలనుకున్నాను. తర్వాత సన్నతీగ పోయింది. ఆ తర్వాత మీ పిన్ని గొంతు. అది పోయినప్పుడు ఓ వారం హాయిగానే ఉంది.” పళ్ళు కనపడేలా నవ్వాడు. “ఆ తర్వాత ఆవిడ ఎక్కడుందో అని ఇల్లంతా తిరిగి చూసుకోవడం అలవాటైంది. వినపడినన్నాళ్ళూ చూసే పని లేకపోయింది.”

బొమ్మలమ్మాయి బిరడా ఒకటి ముట్టుకుని, వంటింటి వైపు చెయ్యి చూపించింది. ఆయనకి అర్థమైంది.

“తెలుసు. నేనొకలా వదిలిన బిరడా కునుకు తీసి వచ్చేసరికి ఇంకోలా ఉండేది. ఎలుకలు తీగలు కొరుకుతాయి గానీ బిరడాలు తిప్పవుగా. ఒకరోజు కునుకు నటించి చూశాను. మా కోడలు తలుపు దగ్గరగా వేసుకుని, చెంప చెక్కకి ఆనించి, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు మీటుతోంది.”

“ఒక్కసారైనా ఆవిడతో అన్నారా?”

ఆయన ఆ మాట పెదవుల మీద చదివాడు. చదివాక చాలాసేపు గరుకు కాగితం పట్టాడు. నున్నబడిన చోటే మళ్ళీ పట్టాడు.

“అంటే, పని ఆ పిల్లదని ఒప్పుకోవాలి. నాదేం మిగులుతుంది?”

ఆమె ఆయన చేతుల వైపు చూసింది.

“చేతులా? చేతులు ఊళ్ళో ప్రతి వడ్రంగికీ ఉంటాయమ్మా,” అన్నాడు.

బల్ల మీద ఆమె గీసిన బొమ్మ ఉంది. తీగ మీద వేలు, తీగ వైపు ఒరిగిన తల, సగం మూసిన కళ్ళు. దాన్ని చుట్టబోతుంటే ఆయన ఆపి చూశాడు.

“అదలాగే ఉంచు. మార్చకు. వింటున్నట్టు కనపడ్డానికి నేను పడ్డ పాటు నాకే తెలుసు.”

ఆమె నవ్వింది. నవ్వాక, అలా నవ్వడం తప్పేమో అనుకుంది. ఆయన మాత్రం పనిలో పడిపోయాడు.

వ్యాను ఇంజనుకి నీళ్ళు పోయాలి. డబ్బా తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ కోడలు బట్టలు జాడిస్తోంది. ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు. బొమ్మలమ్మాయిని చూసి కూడా ఇద్దరూ ఆగలేదు. నిన్నటినుంచి ఆమె ముందు దాచడానికి ఏమీ మిగల్లేదు.

“అయినదానికి రాద్ధాంతం చెయ్యకు,” అంటున్నాడు కొడుకు. “కచేరీ ఆయన తన గొంతుకి తగ్గట్టు శ్రుతి చేసిమ్మంటాడు. నాన్న లోపల కూర్చుని ఒక్కరే చేస్తారని చెప్పి వాద్యం లోపలికి తెస్తాను. నువ్వు చేసి ఇచ్చెయ్యి. అంతే.”

“చెయ్యను.”

“ఏంటీ?”

“చెయ్యనన్నాను. మీకు బాగానే వినపడుతుందిగా.”

“ఇన్నాళ్ళూ చేశావుగా!”

“ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యమనలేదు. మామయ్యగారి పరువని నాకై నేను చేశాను. ఇప్పుడు మీరు తలుపు చాటున కూర్చుని చెయ్యమంటున్నారు. అది వేరు, ఇది వేరు.”

“చాటున కాకపోతే నలుగురిలో కూర్చోబెట్టమంటావా? చెవిటివాడు చేసిన వాద్యమంటే మన గడప ఎవడు తొక్కుతాడు?”

“నేను చేసిన వాద్యమంటే?”

కొడుకు నవ్వబోయి ఆపుకున్నాడు. కానీ కాస్త ఆలస్యంగా ఆపుకున్నాడు. సగం నవ్వు బయటపడే పోయింది. దాన్ని వెనక్కి తీసుకునే దారి లేక, “నేను వెళ్ళి ముందుగది సర్దాలి,” అని గొణిగి వెళ్ళిపోయాడు. మడమల మీదే నడిచాడు.

కోడలు తడిబట్టని మెలిపెట్టి పిండింది. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది.

“మీ వ్యానులో ఇంకో మనిషికి చోటుందా?” అంది, తల తిప్పకుండానే.

“హాస్యానికా వదినా?”

“చోటుందా లేదా అని అడిగాను.”

“ఉంది,” అంది బొమ్మలమ్మాయి. అన్నాక గానీ తానేమందో ఆమెకి తెలియలేదు. డబ్బా నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. కోడలే చెయ్యి చాచి కుళాయి కట్టేసింది. ఆ తర్వాత బట్టలు ఆరవేయడంలో పడిపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కచేరీ ఆయన చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు. కారు వ్యానుకి అడ్డంగా ఆగడంతో అక్కాతమ్ముళ్ళు బయల్దేరే వీలు కూడా లేకపోయింది. ముందుగదిలో ఓ మూల నిలబడిపోయారు.

ఆయన నిలువెత్తు మనిషి. ఎండ మండిపోతున్నా గొంతు పాడవకుండా మెడ చుట్టూ మఫ్లరు చుట్టుకున్నాడు. అది పెదవుల దాకా వచ్చింది. దాని వెనకనుంచి ఏమంటున్నాడో పెద్దాయన చూసి తెలుసుకునే మార్గం లేదు. బొమ్మలమ్మాయి ఆ సంగతి గమనించింది. అత్తగారు కూడా గమనించినట్టుంది. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి భర్త పక్కన బల్ల మీద ఠక్కున పెట్టింది. ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడకీ ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు.

“ఏమండీ మేస్త్రిగారూ, కులాసానా?”

“కులాసాగానే ఉన్నారండీ,” అన్నాడు కొడుకు.

“వారిని అడిగానయ్యా,” అంటూ కచేరీ ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. “వాద్యం కళ్ళకి బాగానే ఉంది. నా గొంతుకి కాస్త పైకి కావాలి. ఇక్కడే, నా ముందు చేసివ్వండి. మీరు శ్రుతి చేస్తుంటే చూసి చాలా ఏళ్ళయింది.”

“నాన్న లోపల...” కొడుకు తలుపు వైపు చూశాడు. తలుపు వెనక ఎవరూ లేరు. పెరట్లోంచి బట్ట దులిపిన చప్పుడు వినపడింది. “లోపల ఒక్కరూ కూర్చుంటేనే చెయ్యగలరండీ. ఇలా ఇవ్వండి.”

“ఎందుకూ? వాద్యానికి సిగ్గా?”

కొడుకు వాద్యం అందుకోబోయాడు. ఈలోగా పెద్దాయన దాన్ని తన ఒళ్ళోకి లాక్కున్నాడు. అందరి ముఖాలూ వరుసగా చూశాడు. తర్వాత బిరడా పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. పైకి కాదు, కిందికి. తీగ వదులైపోయింది. దాన్ని మీటాడు.

చెవులున్నవాళ్ళందరి ముఖాలూ ఒక్కసారి ముడుచుకున్నాయి.

“తప్పిందా?” అన్నాడు పెద్దాయన.

అందరి ముఖాలూ మరోసారి చూశాడు.

“తప్పే ఉంటుంది. మీ ముఖాలు చెబుతున్నాయి. నాకు వినపడదు. చాలా ఏళ్ళుగా వినపడదు.” వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. “మీరు కచేరీల్లో పాడుతూ వాయించే ఆ పాతదీ అంతే. చెక్కడం నాది. చెవి మా కోడలిది.”

కచేరీ ఆయన మఫ్లరు నెమ్మదిగా కిందికి లాగాడు. “కోడలా?” అన్నాడు. అది ప్రశ్నో, మరొకటో తెలియలేదు.

“నాన్నా!” అన్నాడు కొడుకు. ఎవరికీ పనికిరాని కేక.

పెద్దాయన లోపలికి తిరిగి గొంతెత్తి పిలిచాడు. “అమ్మాయ్! శ్రుతి తప్పింది, ఒక్కసారి వచ్చి సరిచెయ్యి.”

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. పెరట్లో చప్పుడు ఆగిపోయింది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కోడలు వచ్చింది. చేతులు తడిగానే ఉన్నాయి. గడప అవతలే ఆగిపోయింది. పెద్దాయన వాద్యాన్ని రెండు చేతుల మీదా ఎత్తి ఆమె వైపు చాచాడు. ఆమె దాని వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది.

“మామయ్యగారు పిలవడం విన్నాను,” అంది. “మీరు పిలవలేదు.”

కొడుకు కచేరీ ఆయన్ని చూశాడు. తల్లిని చూశాడు. మూలనున్న ఇద్దరు పరాయివాళ్ళని చూశాడు. చూడవలసిన మనిషిని చూడలేదు.

పెద్దాయన చేతులు బరువుకి కిందికి వాలసాగాయి. ఆ రెండు మాటల్లో ఒక్కటీ వినపడని మనిషి, కోడలు ఎందుకు ముందుకు రావడం లేదో తెలియక అలాగే చాచి ఉంచాడు. బొమ్మలమ్మాయి ఒక అడుగు వేయబోయింది. తమ్ముడు చెయ్యి పట్టి ఆపాడు.

“ఉండక్కా. మనం అందుకునేది కాదది.”

కొడుకు వెళ్ళి తండ్రి చేతుల్లోంచి వాద్యం తీసుకున్నాడు. భార్యకి ఇస్తాడనే అందరూ అనుకున్నారు. అతను నేల మీద చతికిలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నేను చేస్తాను,” అన్నాడు.

బిరడా తిప్పి మీటాడు. తీగ ఏదో అంది. తల ఎత్తకుండా, గడప వైపుకి, చాలా చిన్నగా అడిగాడు. “సరిపోయిందా?”

“లేదు,” అంది కోడలు.

ఇంకొంచెం బిగించాడు. మళ్ళీ మీటాడు. నుదుటి మీద చెమట పట్టింది.

“లేదు.”

మూడోసారి తిప్పినప్పుడు తీగ గదంతా నిండి, మెల్లగా అణిగింది. కచేరీ ఆయన చేతివేళ్ళు కుర్చీ చేతి మీద తెలియకుండానే కదిలాయి. ముఖంలో తృప్తి తొంగిచూసింది. సరిపోయిందని ఆయన్ని చూసి బొమ్మలమ్మాయికి కూడా తెలిసిపోయింది.

కొడుకు ఈసారి అడగలేదు. కళ్ళెత్తి భార్య ముఖంలోకి చూశాడు.

“లేదు,” అంది ఆమె.

కచేరీ ఆయన చప్పున ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆయన్ని చూసి కూడా చూపు తిప్పుకోలేదు. ఆ ‘లేదు’ తీగ గురించి కాదని పోల్చుకుని, ఏదో అనడానికి కదిలిన పెదవుల మీదికి ఆయన మఫ్లరు లాక్కున్నాడు.

కొడుకు మళ్ళీ బిరడా మీద చెయ్యి వేశాడు.